చేనికి కావలిగా తుపాకి కొనవచ్చునా?



"అయ్యగారూ, పందుల పోరు పడలేకపోతున్నాం. ఒక తుపాకి పెట్టుకుంటే తప్పా?" అని మన సహోదరులు కొందరు ఈ మధ్య అడుగుతున్నారు. అదే ప్రశ్న మా ఇంటికి కూడా వచ్చింది. మాకు తెలిసిన ఒక పెద్దాయన దగ్గర లైసెన్సు ఉన్న పాత రైఫిలు ఉంది. ఆయనకు వయసు పైబడింది, కొడుకులకు దానితో పని లేదు. "మీకైతే తక్కువకే ఇస్తాను" అన్నాడు. మాకూ కొండ కింద ఎకరంన్నర చెనక్కాయ చేను ఉంది గనుక మేము, మా ఇంట్లో ఆమె కొన్ని రోజులు ఈ సంగతి తూచి చూశాము. ఎలా తూచామో మీకూ పనికి వస్తుందని రాస్తున్నాము.

మొదట ఒక మాట. ఈ నష్టం చిన్నది కాదు. మర్రిపాడు, ఉదయగిరి వైపు వెలిగొండల అంచున సేద్యం చేసేవారికి ఇది వేరే చెప్పనక్కర లేదు. కాయ ఊరే వేళకు గుంపు దిగి సాళ్లు సాళ్లుగా పెళ్లగించిపోతే, తెల్లారేసరికి విత్తనానికి తెచ్చిన అప్పే మిగులుతుంది. 80వ కీర్తన 13వ వచనంలో భక్తుడు తన జనుల శ్రమను దేవునికి చెప్పుకుంటూ, అడవిపంది పాడుచేసిన ద్రాక్షావల్లితో పోల్చాడు. ఆ బాధ ఎంతటిదో బైబిలుకు తెలుసు. 2 సమూయేలు 23వ అధ్యాయంలో షమ్మా అనే శూరుడు, అందరూ పారిపోయినా, పప్పుధాన్యాల చేని నడుమ నిలబడి దాన్ని కాపాడాడు. కాబట్టి చేను కాపాడుకోవడం పాపమని మేము చెప్పము. దేనితో కాపాడతాము, దానికి ఎవరు లెక్క చెప్పాలి అన్నదే అడగవలసింది.

ఇక ఆ రైఫిలు సంగతి. అది .315 బోరుది, బెంగాలులోని ఈశాపూర్ ప్రభుత్వ కర్మాగారంలో చేసినది. పాత సిపాయిల లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిలు పద్ధతిలోనే ఉంటుంది. ఒక్కో తూటాకు బోల్టు పిడి పైకెత్తి, వెనక్కి లాగి, ముందుకు తోయాలి. పాతది కొనేవారు బోల్టు బయటికి తీసి గొట్టంలోనుండి వెలుతురుకు చూడాలి. లోపలి మెలిక గాడులు అరిగాయా, తుప్పు తిని గుంటలు పడ్డాయా, బోల్టు వదులైందా, కట్టె పగిలిందా అని చూడాలి. తుపాకి మీది నంబరు, లైసెన్సులోని నంబరు ఒకటేనా అని పోల్చుకోవాలి. ఇదంతా చూసినా సరే, లూకా 14వ అధ్యాయంలో ప్రభువు చెప్పినట్టు గోపురం కట్టేవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క వేసుకోవాలి. ఇక్కడ వెల రూపాయలతో తీరేది కాదు.

చట్టం ఏమంటుందో చూశాము. 1959 నాటి ఆయుధాల చట్టం 13వ సెక్షనులో పంట కాపలాకు చెప్పింది మూతిలోనుండి మందు కూరే తుపాకి. అది చాలదని అధికారికి తోస్తే, లోపల గాడులు లేని నున్నటి గొట్టం తుపాకి ఇవ్వవచ్చు. రైఫిలు ఆ కోవలోకి రాదు. దానికి వేరే తగిన కారణం చూపి లైసెన్సు తెచ్చుకోవాలి. లైసెన్సు చేతికి వచ్చాక కూడా, అమ్మే మనిషి కలెక్టరుకు గాని దగ్గరి పోలీసు స్టేషనుకు గాని రాతపూర్వకంగా తెలిపి 45 రోజులు గడిచేదాకా తుపాకి చేతులు మారకూడదు. పెద్దాయన మంచివాడే, మాటమీద ఇచ్చేస్తానన్నాడు. కానీ మాటమీద తీసుకుంటే అది నేరమవుతుంది.

తుపాకి ఉన్నంత మాత్రాన పందిని కాల్చే హక్కు కూడా రాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం అడవిపందికి కూడా వర్తిస్తుంది. పంటను పాడుచేసే జంతువునైనా చంపాలంటే అటవీశాఖలో అధికారం ఉన్నవారి రాతపూర్వక అనుమతి ఉండాలి.

చట్టం అన్నిటికీ ఒప్పుకుందనుకుందాం. అప్పుడు ఆ తూటా ఎక్కడ ఆగుతుంది? ఈ రకం రైఫిలు తూటా కిలోమీటరు దాటి కూడా పోగలదు. మన చేలల్లో ఎరువు కోసం గొర్రెల మందలు కట్టించుకుంటాము. కాపరి గొంగడి కప్పుకుని మంద పక్కనే పడుకుంటాడు. వేకువనే మోటారు వేయడానికి పొరుగు రైతు గట్టు మీద వస్తాడు. చీకట్లో కదిలేదంతా పంది కాదు. ఇంకొకటి కూడా మేమిద్దరం మాట్లాడుకున్నాము. పంట పోయి, అప్పులవాళ్లు వాకిట్లో కూర్చుని, మనసు నలిగిపోయిన రాత్రి ఏ ఇంటికైనా రావచ్చు. ఆ రాత్రి ఇంట్లో గోడకు ఏది వేలాడుతూ ఉండకూడదో కుటుంబం ముందే ఆలోచించుకోవాలి.

ద్వితీయోపదేశకాండము 22:8లో కొత్త ఇల్లు కట్టినవాడు మిద్దెకు పిట్టగోడ కట్టాలని దేవుడు ఆజ్ఞాపించాడు. ఎవడైనా పడిపోతే ఆ రక్తదోషం ఆ ఇంటిమీదికి రాకూడదని ఆయన ఉద్దేశం. నిర్గమకాండము 21:33, 34లో గొయ్యి తవ్వి మూయకుండా వదిలినవాడు, అందులో పడి చచ్చిన ఎద్దుకు నష్టం కట్టాలి. ఎద్దుకే అంత లెక్క ఉంటే, మనిషి ప్రాణానికి ఎంత? "నేను కావాలని చేయలేదు" అన్న మాట ఆ గోతిని పూడ్చదు.

అందుకని మేము రైఫిలు కొనడం లేదని ఆ పెద్దాయనకు మర్యాదగా చెప్పాము. సరైన అవసరంతో, లైసెన్సుతో తుపాకి ఉంచుకున్నవారిని మేము తప్పుపట్టడం లేదు. మా అవసరానికి అది తగదు, అంతే. ఆ డబ్బుకు ఇంకొంత కలిపి సోలారు కంచె వేయించాలనుకుంటున్నాము. సరిగ్గా అమర్చిన కంచెలో బ్యాటరీ పెట్టెనుండి సెకనుకోసారి చిన్న దెబ్బలాగా కరెంటు వచ్చిపోతుంది. అది పందిని బెదరగొట్టి పంపుతుంది, ప్రాణం తీయదు. కాయ ఊరే ఆ కొద్ది వారాలు పక్కపక్క చేలవాళ్లం వంతులు వేసుకుని మంచె మీద కాపలా ఉందామని కూడా అడుగుతున్నాము. ముందు వంతు మాదే.

అయితే ప్రియులారా, తుపాకి కొనలేనివారు కొందరు దానికంటే చవకైన, దానికంటే ఘోరమైన పని చేస్తున్నారు. మెయిను లైనునుండి చేని చుట్టూ ఉత్త తీగ లాగి కరెంటు వదులుతున్నారు. తుపాకికైనా వెనక ఒక మనిషి కన్ను ఉంటుంది. ఆ తీగకు కన్ను లేదు. పందికీ పసిబిడ్డకూ, పరాయివాడికీ సొంత కొడుక్కీ దానికి తేడా తెలియదు. అది మూయని గొయ్యే. మన సంఘంలో ఎవరి చేనిలోనైనా అటువంటి తీగ ఉంటే, పేరు అడగము, సంఘంలో నిలబెట్టము. ఈ సాయంత్రం పొద్దు గూకకముందే తీసివేయమని మాత్రం బతిమాలుతున్నాము. ఒక్కరే తీయడానికి ఇబ్బంది అయితే మాకు ఫోను చేయండి, వచ్చి చేయి వేస్తాము.

పోయిన పంటకు వచ్చే ఏడు మళ్లీ విత్తనం వేసుకోవచ్చు. పోయిన ప్రాణాన్ని మనం తిరిగి తేలేము. చేనినీ చేని గట్టున నడిచే ప్రతివారినీ ప్రభువు కాచి కాపాడును గాక. ఆమేన్.