నాగలికి తగిలిన రోమ్

మా ముదినేపల్లి వైపు చేపల చెరువులు తవ్వే ప్రొక్లెయిన్లు కనిపిస్తే నాకు నెల్లూరు రైతు గుర్తొస్తాడు. 18వ శతాబ్దం చివర్లో పొలం దున్నుతుంటే ఆయన నాగలి ఇటుకల కట్టడానికి తగిలింది. తవ్వితే చిన్న గుడి శిథిలం, దాని కింద కుండ, కుండలో రోమన్ బంగారం! ట్రాజన్, హాడ్రియన్ చక్రవర్తుల బొమ్మలు, ఫౌస్టీనా రాణి బొమ్మ. అంటే 2వ శతాబ్దపు సరుకు.

పాపం, పాత బంగారం లెక్కన అమ్మేశాడు. చాలావరకు కరిగిపోయాయి. ముప్పై పైచిలుకు మాత్రం ఆర్కాటు నవాబు కొడుకు అమీరుల్ ఉమరా చేతికొచ్చాయి. ఇదంతా మద్రాసు గవర్నరుగా చేసిన డేవిడ్‌సన్ దొర రాసిన ఉత్తరంలో ఉంది.

కొన్ని నాణేలు అప్పుడే టంకసాలలోంచి వచ్చినట్టున్నాయట. కొన్నిటికి చిల్లులు! మెళ్లో వేసుకుని ఉంటారని దొరగారి ఊహ. నాకైతే అనుమానమే లేదు. కాసులపేరుకి ఏ చక్రవర్తి తలైతేనేం? అక్కడ రోమన్ రచయిత ప్లినీ, ఏటా 5 కోట్ల సెస్టర్సులు ఇండియాకే పోతున్నాయని వాపోయాడు. ఇక్కడ మనవాళ్లు వాటికి తాడు గుచ్చారు.

1878 చట్టం ప్రకారం 10 రూపాయలు దాటిన నిధి దొరికితే కలెక్టరుకి చెప్పాలి. సరే, రాత్రిపూట బకెట్‌కి కుండ తగిలితే మన ప్రొక్లెయిన్ డ్రైవరు బండి ఆపుతాడంటారా?