భిలాయ్‌లో నీటి లెక్క

భిలాయ్‌లో ఇనుమును కరిగించేది నిప్పు. ఆ నిప్పును హద్దులో ఉంచేది నీరు. 1959 ఫిబ్రవరి 4న నాటి రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించినప్పటి నుంచీ ఈ ఊరు ఆ లెక్క మీదే బతుకుతోంది. లోపల ద్రవ ఇనుము సుమారు 1,500 డిగ్రీల వేడిలో ఉంటే, కొలిమి గోడలను కాపాడేది వాటిలో ఆగకుండా తిరిగే నీరే.

వేసవి వస్తే అదే లెక్క సుపేలా, పవర్‌హౌస్ ప్రాంతాల గ్యారేజీల్లో వినిపిస్తుంది. ఉక్కు కర్మాగారంలో ఉద్యోగాలకు వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు పిల్లలకు సెలవులివ్వగానే కార్లలో ఉత్తరాంధ్రకు బయల్దేరతాయి. ధమ్తరి, కాంకేర్ దాటాక కేశ్‌కాల్ ఘాట్. జగదల్‌పూర్, కోరాపుట్ తర్వాత సాలూరు ఘాట్. 40 డిగ్రీలు దాటిన ఎండలో, ఏసీ వేసుకుని మలుపులెక్కే కారులో కూలెంట్ తగ్గితే ఇంజన్ నడిదారిలోనే ఉడికిపోతుంది.

లీకు వెతకడానికి ఇంజన్ పూర్తిగా చల్లారాలి. వేడి మీద మూత తీస్తే మరిగే ద్రవం ముఖం మీదికి చిమ్ముతుంది. మెకానిక్ మూత స్థానంలో చేతి పంపు బిగించి, మూత మీద రాసి ఉన్నంత పీడనం ఎక్కిస్తాడు. ముల్లు నిలబడితే సరే. దిగితే గొట్టాల క్లిప్పులు, రేడియేటర్ అంచులు, వాటర్ పంపు కింది చిన్న రంధ్రం చూడాలి. ద్రవం ఆరిపోయినా రంగు చార మిగులుతుంది. కారులో కాళ్ల దగ్గర తడి, తియ్యటి వాసన ఉంటే హీటర్‌ను అనుమానించాలి. బయట తడి లేకుండానే మట్టం తగ్గుతూ సైలెన్సర్‌లో తెల్లపొగ ఆగకుండా వస్తుంటే హెడ్ గ్యాస్కెట్ పోయినట్టే.

క్లిప్పు, గొట్టం అయితే గంట పని. గ్యాస్కెట్ అయితే ఇంజన్ విప్పాల్సిందే. పాత లారీ డ్రైవర్లు రేడియేటర్‌లో పసుపు పోసేవారు. చిల్లుతో పాటు సన్నని నాళాలూ పూడుకుపోయేవి. కుళాయి నీళ్లు దారిలో గండం గట్టెక్కించవచ్చు గానీ, అలాగే వదిలేస్తే తుప్పు, సున్నపు పెచ్చులు తప్పవు.

కర్మాగారంలోనూ ఇదే సూత్రం. గోడల్లోకి వెళ్లిన నీరెంత, తిరిగొచ్చినదెంత అని పోల్చి లీకు పసిగడతారు. నీటి పీడనం తప్పితే ఏమవుతుందో 2014 జూన్ 12న ఊరంతా చూసింది. 2వ నంబరు పంప్‌హౌస్‌లో నీటి వ్యవస్థ దెబ్బతిని, ఫర్నేస్ గ్యాస్‌ను శుభ్రపరిచే విభాగానికి పీడనం పడిపోయింది. నీరు ఆపాల్సిన గ్యాస్ నీటి గొట్టాల్లోకి ఎదురు తన్నింది. అందులోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. ఇద్దరు డిప్యూటీ జనరల్ మేనేజర్లతో సహా ఆరుగురు చనిపోయారు.

కారులో లీకు అంత నిశ్శబ్దంగా రాదు, ముందే చుక్క రాలుస్తుంది. ప్రయాణానికి ముందు రాత్రి ఇంజన్ కింద అట్టముక్క పరిచి పొద్దున్నే చూస్తే చాలు. ఏసీ నీరైతే రంగు ఉండదు. రంగు మరక కనిపిస్తే ప్రయాణం ఒక పూట ఆగాలి. ఆ పూట విలువ భిలాయ్ వాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు.