బోర్లించిన పడవ

మా ఊరి పాత గుడిని పడగొట్టి స్లాబు గుడి కట్టాలని సంఘ పెద్దలు కూడుకొన్న ఆదివారం సాయంత్రం మేమూ వెళ్లి చివరి బల్ల మీద కూర్చున్నాము. దక్షిణపు గోడ నడుము ఎత్తు వరకు చెమ్మ. పెచ్చులు ఊడి రాలుతున్నాయి. "సండేస్కూలు పిల్లల నెత్తిన పడితే పూచీ ఎవరిదండీ?" అని కోశాధికారిగారు అడిగారు. మేము జవాబు చెప్పలేకపోయాము. అందుకు కారణం ఉంది. తరువాత చెబుతాము.

మా ఊరు తాడేపల్లిగూడెం దగ్గర, ఏలూరు కాలువ గట్టు మీద ఉంటుంది. మన డెల్టాలో అన్ని సంఘాల గుడులూ ఒక్క తీరున ఉండవని చదువరులు ఎరుగుదురు. 1836లో ఇంగ్లండు నుండి వచ్చి నరసాపురంలో స్థిరపడిన బౌడెన్, బీర్ దొరల సేవ వలన వెలసిన మందిరాలు సాదా హాళ్లు. శిఖరం ఉండదు, బలిపీఠం ఉండదు. మాది 1854లో ఏలూరులో పని ఆరంభించిన సి.ఎం.ఎస్. వారి తీరు. అంటే ఇంగ్లండు పల్లెటూరి గుడిని మనసులో పెట్టుకొని కట్టినది. ప్రభువు బల్ల తూర్పున, వాకిలి పడమట. సంఘంలోకి ప్రవేశం బాప్తిస్మంతోనే గనుక రాతి తొట్టి వాకిలి పక్కనే ఉంటుంది. మా తాతయ్యకు బాప్తిస్మం ఇచ్చింది అక్కడే. కిటికీలు సన్నగా, పైన కొనదేలి ఉంటాయి. చలిదేశపు కిటికీలు మన మే నెలకు ఏం చాలుతాయి? అందుకని మనవాళ్లు తరువాత రెండు పక్కలా వసారాలు దించారు. అజరయ్య బిషప్‌గారు డోర్నకల్‌లో కట్టించిన, 1939లో ప్రతిష్ఠ జరిగిన కెథీడ్రల్‌కు మన దేశపు స్తంభాలు, గుమ్మటాలు పెట్టించారు. మా ఊరివారు వసారాలతో సరిపెట్టుకొన్నారు. ఆ వసారాలే మా గుడికి అందమని మా అభిప్రాయం.

అసలు చూడవలసింది కప్పు. సంఘం కూర్చునే భాగాన్ని ఇంగ్లీషువారు 'నేవ్' అంటారు. లాటినులో ఓడకు ఉన్న పేరే అది. మన 'నావ' కూడా ఆ మాటకు చుట్టమే. తలెత్తి చూస్తే మా టేకు కప్పు అచ్చం బోర్లించిన పడవ. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తయింది. దాని వెంట తవ్విన కాలువలు పొలాలకు నీళ్లే కాదు, పడవలకు దారి కూడా ఇచ్చాయి. భద్రాచలం వైపు అడవుల టేకు గోదావరి మీద తెప్పలుగా దిగి, విజ్జేశ్వరం దగ్గర కాలువలో పడి మా గట్టుకు చేరిందట. పనికి నరసాపురం వైపు పడవల వడ్రంగులు వచ్చారని తాతయ్య చెప్పేవారు. నరసాపురంలో 17వ శతాబ్దంలోనే ఇంగ్లీషువారు ఓడలు కట్టించుకొనేవారు కనుక మేము ఆ మాట నమ్ముతాము.

ఇక గోడ సంగతి. పదేళ్ల క్రితం ఊరంతా తిరిగి చందాలు పోగుచేసి, ఆ గోడకు లోపలా బయటా సిమెంటు పూయించింది మేమే. గట్టిగా ఉంటుందనుకొన్నాము. పెంటపాడు నుండి వచ్చిన ముసలి మేస్త్రి గోడ మీద వేళ్లతో కొట్టి చూసి, "దీనికి రబ్బరు చొక్కా తొడిగారండి, ఊపిరెక్కడాడుద్ది?" అన్నాడు. చుట్టూ వరిచేలు, నేలలోని నీరు ఇటుకల్లోకి ఎగబాకుతూనే ఉంటుంది. గానుగ సున్నమైతే ఆ తడిని గాలికి వదిలేస్తుంది. సిమెంటు బిగబట్టి ఉంచుతుంది. తడి లోపలే ఉండి పాత సున్నాన్ని పిండి చేస్తుంది.

రెండవ కూటంలో లేచి ఆ మాట చెప్పాము. తప్పు మాదేనని కూడా చెప్పాము. "గోడకు ఒక్క వేసవి గడువివ్వండి" అని అడిగాము. కోశాధికారిగారు చాలాసేపు మాట్లాడలేదు. చివరకు, "కోతపండుగ దాకా ఆగుదాం, అప్పటికీ రాలితే మాత్రం నేను ఊరుకోను" అన్నారు.

కాలువలు కట్టిన నెలలో రెండు కిటికీల మధ్య సిమెంటు గీకించాము. మొదటి వారం గోడ నుండి పాతనూతి వాసన వచ్చింది. మూడవ వారానికి ఇటుక ఎర్రబడింది. స్త్రీల సమాజంవారు పిడికెడు బియ్యం డబ్బులో నుండి గుల్లసున్నం తెప్పించారు. బస్తాలు వసారాలో ఉన్నాయి. గానుగ ఎక్కడా దొరకలేదు, మేస్త్రి రోట్లో దంపిద్దామంటున్నాడు. కరక్కాయలు మాత్రం మా పెరట్లో గోలెంలో నానుతున్నాయి.