మంచె మీద ఒక రాత్రి

అమెరికాలో కొండల మీద పాత కాపలా గోపురాలుంటాయి. 1910లో ఇడాహో, మోంటానా రాష్ట్రాల్లో రేగిన కార్చిచ్చు రెండు రోజుల్లోనే దాదాపు 30 లక్షల ఎకరాల అడవిని బూడిద చేసింది. ఆ తర్వాత అక్కడి అటవీశాఖ శిఖరాల మీద వేల సంఖ్యలో ఇలాంటివి కట్టించింది. వేసవంతా ఒక మనిషి అందులో కూర్చుని నలుదిక్కులా చూస్తూ ఉండాలి. పొగ కనబడగానే కబురు పంపాలి. తర్వాత విమానాలొచ్చాయి, ఉపగ్రహాలొచ్చాయి. మన దేశంలోనూ 2004 నుంచి డెహ్రాడూన్‌లోని ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా అడవి మంటల్ని ఉపగ్రహాలతోనే పసిగడుతోంది. పని లేకుండా పోయిన ఆ అమెరికా గోపురాల్లో కొన్నింటిని ఇప్పుడు రాత్రికింత అని అద్దెకిస్తున్నారు.

ఈ ముచ్చటంతా టీవీలో చూసి మా అమ్మాయి కళ్లు పెద్దవి చేసుకుంది. ‘అంత దూరం ఎందుకే, తాత చేనులో మంచె ఉందిగా’ అన్నాను. సంక్రాంతి సెలవులకు ఎలాగూ ఊరెళ్లాలి.

జహీరాబాద్ నుంచి ఝరాసంగం వెళ్లే దారిలో ఉంటుంది మా పల్లె. మంచె అంటే తెలియని పిల్లల కోసం చెబుతున్నా... నాలుగు తుమ్మ గుంజలు, నిలువెత్తు కన్నా పైన అడ్డకర్రలు, వాటి మీద పరిచిన చొప్ప, ఆపైన గోనెపట్టా. మంచు పడకుండా చిన్న కప్పు. ఎక్కడానికి నిచ్చెన. అంతే! కానీ దాని మీద నిలబడితే నాలుగెకరాల చేను ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా కనిపిస్తుంది.

మా నల్లరేగడిలో తెల్లజొన్న దసరాకు అటూ ఇటూగా వేస్తారు. ఆ తర్వాత వాన పడకపోయినా నేలలో దాగిన తేమతోనే పైరు ఎదుగుతుంది. మధ్యలో శనగ, గట్ల వెంట కుసుమ. కుసుమకు ముళ్లుంటాయి కాబట్టి పశువులు లోపలికి రావు. సంక్రాంతి నాటికి కంకి పాలు పోసుకుంటుంది. అప్పటి నుంచి కోత దాకా కావలి తప్పదు. పగలు పిట్టలకు, రాత్రి అడవి పందులకు.

చీకటి పడుతుండగా ముగ్గురం మంచె దగ్గరికి చేరాం. నాయినకు డెబ్బై రెండేళ్లు. మోకాలు పట్టుకుని నిచ్చెన ఒక్కో మెట్టూ ఎక్కాడు. ‘ఎక్కుడు తేల్కనే బిడ్డా, దిగుడే కష్టమైతున్నది’ అని మనవరాలితో నవ్వాడు. ఎక్కేముందే పిడకల నిప్పు మీద లేత కంకులు కాల్చి, నలిచి ఊసబియ్యం చేసిపెట్టాడు. వేడివేడిగా ఇంత నోట్లో వేసుకుంటే ఆ తీపి, ఆ పాలరుచి పట్నంలో ఎంత డబ్బు పెట్టినా దొరకవు.

రాత్రి తొమ్మిది దాటాక చలి మొదలైంది. పేపర్లో అతి తక్కువ ఉష్ణోగ్రతల జాబితా వేస్తే మా పక్కనున్న కోహీర్ పేరు తరచూ కనబడుతుంది. ఆ చలి అంటే ఏంటో రెండు గొంగళ్ల కింద పడుకుంటే తెలిసింది. నెత్తిన పిల్లలకోడి మెరుస్తోంది. నాయినకు దాన్ని చూస్తే వేళ తెలుస్తుంది. ‘అది పడమటికి దిగితే సగం రాత్రి దాటినట్టు’ అని పిల్లకు చూపించాడు. దూరంగా హైవే మీద లారీల దీపాలు చీమల బారులా కదులుతున్నాయి.

ఉన్నట్టుండి తూర్పున ఎర్రటి వెలుగు లేచింది. నా గుండె గుభేలుమంది. ఎండిన గడ్డికి నిప్పంటుకుంటే గాలి ఎటు వీస్తే అటు చేన్లు పోతాయి. నాయిన లేచి కూర్చుని కాసేపు చూశాడు, గాలిని వాసన పట్టాడు. ‘చెరుకాకు కాలవెడుతున్నరు. కోత అయిపోయింది గద’ అని మళ్లీ పడుకున్నాడు. ఉపగ్రహం మంటను పట్టుకోగలదు. అది ఎవరి పొలంలో, ఎందుకు పెట్టిన మంటో తేల్చడానికి మాత్రం నాయినకు ఒక్క నిమిషం చాలింది.

రెండు గంటలప్పుడు పందులొచ్చాయి. ముందు చొప్ప విరిగిన చప్పుడు, తర్వాత గుర్రుమనడం. చేను చుట్టూ అమ్మ పాత చీరలు కట్టింది, గాలికి కదిలితే మనిషనుకుని జడుస్తాయని. ‘నాల్గు దినాలు జడిసినయి. ఇప్పుడు చీర కిందికెల్లే దూరుతున్నయి’ అంటూ నాయిన రేకు డబ్బా అందుకున్నాడు. మా అమ్మాయి టార్చి వేసి గొంతు చించుకుని అరిచింది. గుంపు మళ్లింది. అప్పటికే పది పదిహేను మొక్కలు నేలకొరిగాయి.

ఇక నిద్ర పట్టలేదు. అప్పుడు చెప్పాడు నాయిన అసలు మాట. పోయినేడు మా చుట్టుపక్కల ఏడు కుటుంబాలు జొన్న వేశాయి. ఈసారి మూడే. మిగతావాళ్లు చెరుకు, పత్తి వైపు మళ్లారు. ఊరంతా జొన్న వేస్తే పిట్టలు ఊరంతా పంచుకుని తింటాయి. ఒక్కరే వేస్తే ఊరి పిట్టలన్నీ ఆ ఒక్క చేను మీదే వాలతాయి. వచ్చే ఏడు ఆ ఇద్దరూ మానుకుంటే మాదీ మానుకోవాల్సిందే, కౌలుకిచ్చేయాల్సిందే. ‘జొన్న ఒక్కనితోని అయ్యేది కాదు కొడుకా’ అన్నాడు.

ఆ మాటలో ఎంత నిజముందో మా ప్రాంతానికి తెలుసు. పస్తాపూర్ కేంద్రంగా 1983లో మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు పాత పంటల్ని నిలబెట్టాయంటే అది కలిసి వేయడం వల్లే, విత్తనం కలిసి దాచుకోవడం వల్లే. 2008లో మాచనూర్‌లో వాళ్లు సొంత రేడియో పెట్టుకున్నారు. 2019లో ఆ సంస్థకు ఈక్వేటర్ ప్రైజ్ వచ్చింది. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. హైదరాబాద్‌లో సాయంత్రమైతే రోడ్డు పక్క జొన్నరొట్టెల బండి ముందు జనం నిలబడుతున్నారు. తినేవాళ్లు పెరిగారు, కావలి కాసేవాళ్లు తగ్గారు. మరోవైపు న్యాలకల్, ఝరాసంగం మండలాల్లో పారిశ్రామిక మండలి కోసం పన్నెండు వేల ఎకరాలకు పైగా గుర్తించారు. ఉద్యోగాలొస్తాయని ఆశపడేవాళ్లూ ఉన్నారు, భూమి పోతుందని దిగులుపడేవాళ్లూ ఉన్నారు. మా ఇంట్లోనే ఇద్దరిదీ చెరో మాట.

వేగుచుక్క పొడిచింది. వెలుగు రాకముందే పిచ్చుకలు, చిలుకలు దిగాయి. నాయిన వడిసెలలో రాయి పెట్టి తిప్పి విసిరితే అది చేనుకు అవతల పడింది. పిట్టకు తగలకుండా, చప్పుడు మాత్రమే అయ్యేలా. మా అమ్మాయి పది రాళ్లు విసిరింది. తొమ్మిది మంచె కిందే పడ్డాయి.

ఆ పొద్దున పక్క చేనుకు పోయి పెద్దమ్మతో మాట్లాడాం, అట్నుంచి గట్టవతలి కాకా ఇంటికి. మూడు చేన్లు ఆనుకునే ఉన్నాయి కాబట్టి మూడిళ్లకూ కలిపి నడుమ ఒకే మంచె, వంతుల వారీగా కావలి. శని, ఆదివారాల రాత్రులు నావి. పెద్దమ్మ సరేనంది. కాకా వెంటనే ఒప్పుకోలేదు, ‘మీ వోడు రెండు వారాలొస్తడు, మూడో వారం ఫోన్ జేస్తడు’ అన్నాడు. రావడం మొదలెట్టి చూపించాలి తప్ప దీనికి జవాబు లేదు. ఆ నెలంతా వెళ్లాను. కోతనాడు కాకా తన కంకుల్లోంచి విత్తనానికి మంచివి ఏరి పక్కన పెట్టాడు.

మంచె గుంజల్లో ఒకటి చెదలు పట్టింది. దసరాకు ముందే మార్చాలి. మంచి తుమ్మ గుంజ వెతికే పని నాయిన నాకే అప్పజెప్పాడు.