చెడిందా, కుదరలేదా?

సిస్టమ్ నెమ్మదించిందంటే ముందుగా తట్టే ఉపాయం ర్యామ్ పెంచడం. కొత్త సిస్టమ్ కొనడం కంటే ఖర్చు తక్కువ, పనీ చిన్నదే. క్యాబినెట్ పక్క రేకు విప్పి, స్లాటు చివర్లలోని క్లిప్పులు వెనక్కి వంచి, కొత్త స్టిక్‌ను నిలబెట్టి టక్కుమనేదాకా నొక్కితే అయిపోయినట్టే. అవనప్పుడే తిప్పలు. ఫ్యాన్ తిరుగుతుంది, లైటు వెలుగుతుంది, డిస్‌ప్లే మాత్రం రాదు. ఒకవేళ వచ్చినా ఉన్నట్టుండి నీలం తెర పడి రీస్టార్ట్ అవుతూ ఉంటుంది. అప్పుడు ఇంట్లోనైనా షాపులోనైనా వినబడే తీర్పు ఒక్కటే: ర్యామ్ పోయింది. ఈ తీర్పు నిజమయ్యే సందర్భాలు లేకపోలేదు. కానీ కొత్త స్టిక్ వేసిన వెంటనే మొదలయ్యే చిక్కుల్లో చాలా వాటికి కారణం స్టిక్ చెడిపోవడం కాదు, కుదరకపోవడం. చెడుపు ఒక వస్తువులో ఉంటుంది, దాన్ని తీసేస్తే పోతుంది. కుదరకపోవడం బాగున్న రెండు వస్తువుల మధ్య ఉంటుంది, విడివిడిగా చూస్తే రెండింట్లోనూ లోపం దొరకదు. ఈ తేడా పట్టించుకోకుండా వెతికితే మంచి స్టిక్ చెత్తలో పడుతుంది, అసలు చిక్కు సిస్టమ్‌లోనే మిగిలిపోతుంది. వెతికే పద్ధతి అంతా ఈ ఒక్క తేడా మీదే నడవాలన్నది నా వాదన.

ఇందులో కుదరాల్సినవి నాలుగు: స్టిక్, మదర్‌బోర్డు, ప్రాసెసర్, బయోస్. స్టిక్ మీద పెద్ద చిప్పులతో పాటు ఓ చిన్న చిప్ కూడా ఉంటుంది. స్టిక్ సామర్థ్యం ఎంత, ఏ వేగంతో నడవాలి, ఎంత వోల్టేజీ కావాలి అన్న వివరాలు అందులో రాసి ఉంటాయి. దాన్నే ఎస్పీడీ అంటారు. పవర్ బటన్ నొక్కగానే బయోస్ చేసే తొలి పనుల్లో ఒకటి దాన్ని చదవడం. చదివిన దాని ప్రకారం స్టిక్‌ను నడిపే బాధ్యత మెమరీ కంట్రోలర్‌ది. ఒకప్పుడు అది బోర్డు మీది చిప్‌సెట్‌లో ఉండేది. ఏఎండీ 2003లో అథ్లాన్ 64తో, ఇంటెల్ 2008లో నెహాలెమ్‌తో దాన్ని ప్రాసెసర్‌లోకి మార్చాయి. అప్పటినుంచి బోర్డు డబ్బా మీద రాసింది చదివితే సగం సంగతే తెలుస్తుంది. మన దగ్గర విరివిగా అమ్ముడైన హెచ్61 బోర్డునే చూడండి. అందులో రెండో తరం కోర్ ప్రాసెసర్ ఉంటే ర్యామ్ వేగం 1333 దగ్గర ఆగుతుంది, అదే బోర్డులో మూడో తరం ప్రాసెసర్ పెడితే 1600 అందుకుంటుంది. 1600 స్టిక్ కొని 1333 కనబడుతోందని షాపువాడితో గొడవపడితే ఫలితం ఉండదు. స్టిక్ తన మాట నిలబెట్టుకుంది, ప్రాసెసరే అంతవరకు వెళ్లగలదు.

తరం మారిన ర్యామ్‌తో వచ్చే గొడవ నిజానికి చాలా తేలికైనది, ఎందుకంటే అది దాగదు. డీడీఆర్3కి 240 కాంటాక్టులు, 1.5 వోల్టులు. డీడీఆర్4కి 288 కాంటాక్టులు, 1.2 వోల్టులు. డీడీఆర్5కీ 288 కాంటాక్టులే ఉన్నా వోల్టేజీ 1.1కి దిగింది, స్టిక్ అంచులోని కోత పక్కకు జరిగింది. కోత కలవకపోతే స్టిక్ స్లాటులో దిగదు. బలవంతం చేస్తే తప్ప నష్టమేమీ జరగదు, కొన్నది మార్చుకోవడంతో సరిపోతుంది. కోత సరిగ్గా కలిసి, క్లిప్పులు బిగుసుకుని, అయినా లోపల పొసగనప్పుడే మంచి స్టిక్ మీద నింద పడుతుంది.

ఇంటెల్ జీ41 చిప్‌సెట్ బోర్డుల ఉదాహరణ ఈ విషయాన్ని బాగా పట్టిస్తుంది. వాటిలో డీడీఆర్3 రకానికి 4జీబీ స్టిక్కులు రెండు వేసుకోవచ్చని పుస్తకంలోనే ఉంటుంది. బజారులో 4జీబీ డీడీఆర్3 స్టిక్ తీసుకుని రెండు పక్కలా చిప్పులు లెక్కపెట్టండి. కొన్నింటికి ముందు ఎనిమిది, వెనక ఎనిమిది, మొత్తం 16 ఉంటాయి. కొన్నింటికి ఒకే పక్క 8 ఉండి వెనక వైపు ఖాళీగా ఉంటుంది. మొదటి రకంలో ఒక్కో చిప్ 2 గిగాబిట్లు, రెండో రకంలో 4 గిగాబిట్లు. మొత్తం రెండింటికీ 4 గిగాబైట్లే. స్టిక్కర్ మీద సామర్థ్యం ఒకటే, వేగం ఒకటే, ధరా ఇంచుమించు ఒకటే. కానీ 4 గిగాబిట్ల చిప్‌లోని గదులన్నింటినీ పిలిచే ఏర్పాటు జీ41లో లేదు. 16 చిప్పుల స్టిక్ హాయిగా నడుస్తుంది, 8 చిప్పుల స్టిక్ వేస్తే డిస్‌ప్లే రాదు. ఆ స్టిక్‌ను షాపుకు తీసుకెళితే అక్కడి కొత్త బోర్డులో చక్కగా నడుస్తుంది. బాగానే ఉందంటాడు షాపువాడు, పనిచేయలేదంటాడు కొన్నవాడు. ఇద్దరిదీ నిజమే. తప్పు ఎవరిదో తేల్చాలని కూర్చుంటే తెల్లారదు, ఏది దేనితో కుదరలేదో అడిగితే ఒక్క నిమిషంలో తేలుతుంది. ఏఎండీ బోర్డులకు మాత్రమే అని చిన్న అక్షరాల్లో రాసి ఆన్‌లైన్‌లో చవకగా అమ్మే డీడీఆర్3 8జీబీ స్టిక్కులదీ ఇదే కథ. సర్వర్ల నుంచి తీసి అమ్మే రిజిస్టర్డ్ డీడీఆర్4 స్టిక్కులు డెస్క్‌టాప్ స్లాటులో చక్కగా దిగుతాయి, సిస్టమ్ మాత్రం లేవదు. అవి చెడ్డవి కావు, ఆ ఇంటివి కావు.

వేగం దగ్గర అపార్థాలు ఇంకా ఎక్కువ. 3200 అని డబ్బా మీద పెద్దగా రాసిన డీడీఆర్4 స్టిక్ వేస్తే బయోస్‌లో 2133 అనో 2400 అనో కనబడటం మామూలే. చాలా స్టిక్కులకు ఆ 3200 ఎక్స్‌ఎంపీ అనే ప్రొఫైల్ ఆన్ చేస్తే వచ్చే వేగం. ఏఎండీ డీడీఆర్5తో పాటు తెచ్చిన అలాంటి ప్రొఫైల్ పేరు ఎక్స్‌పో. ఆ ప్రొఫైల్ ఆన్ చేయడమంటే ప్రాసెసర్ కంపెనీ హామీ ఇచ్చిన హద్దు దాటే అవకాశం ఉందని ఒప్పుకోవడమే. ప్రొఫైల్ ఆన్ చేశాక సీపీయూ-జడ్ అనే ప్రోగ్రామ్‌లో చూస్తే అదే స్టిక్ 1600 అని చూపించి మరో అనుమానం రేపుతుంది. ఒక్కో గడియార తాళానికి డేటా రెండుసార్లు కదులుతుంది కనుక ఆ అంకెను రెండింతలు చేసుకోవాలి, మోసమేమీ లేదు. ఇక పాత స్టిక్ పక్కన కొత్తది వేస్తే, కాడికి కట్టిన జోడెద్దుల్లో మందకొడి ఎద్దు నడకే బండి నడక అయినట్టు, తక్కువ వేగమున్నదే రెండింటికీ కొలత అవుతుంది. స్టిక్కుల సంఖ్య పెరిగితే కంట్రోలర్ మీద భారమూ పెరుగుతుంది. రైజెన్ 7000 ప్రాసెసర్లకు ఏఎండీ ఇచ్చిన లెక్కలో రెండు డీడీఆర్5 స్టిక్కులు ఉంటే 5200, నాలుగు ఉంటే 3600. నాలుగు స్లాట్లూ నింపి 6000 ప్రొఫైల్ ఆన్ చేసి సిస్టమ్ లేవలేదని స్టిక్కులను తిట్టడం అన్యాయం.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది. డీడీఆర్ ర్యామ్‌కు జెడెక్ అనే సంస్థ ప్రమాణాలు నిర్ణయిస్తుంది కదా, డీడీఆర్4కి 2012లో, డీడీఆర్5కి 2020లో వాటిని ప్రకటించింది కదా, ప్రమాణం అంటేనే ఎవరిది ఎవరితోనైనా కలవడం కదా అని. ప్రమాణం లేకపోతే ఈ మాత్రం కుదరడమూ ఉండేది కాదు, నిజమే. అయితే ప్రమాణం గీసేది ఒక పరిధి. అందులో ఏ సామర్థ్యం గల చిప్పులు ఎప్పుడు బజారుకు వస్తాయో, ఏ బోర్డు వాటిలో ఎన్నింటిని పోల్చుకోగలదో అది తేల్చదు. బోర్డు తయారైన నాటికి లేని చిప్పుల గురించి దాని బయోస్‌కు తెలిసే వీలు లేదు. కొన్నిసార్లు బయోస్ అప్‌డేట్‌తో ఆ లోటు తీరుతుంది, జీ41లో లాగా హార్డ్‌వేర్‌కే చేతకాకపోతే తీరదు. పైగా ఎక్స్‌ఎంపీ అంకెల్లో చాలా భాగం జెడెక్ హద్దు బయటివే. బోర్డు కంపెనీలే తమ దగ్గర పరీక్షించిన స్టిక్కుల జాబితాను క్యూవీఎల్ పేరుతో వెబ్‌సైట్లో పెడతాయి. ప్రమాణం ఒక్కటే చాలనుకుంటే వాటికి ఆ శ్రమ ఎందుకు? ఆ జాబితాలో లేనంత మాత్రాన స్టిక్ కుదరదనీ కాదు. వాళ్లు దాన్ని పరీక్షించలేదని మాత్రమే దాని అర్థం.

మరి వెతకడం ఎలా? ఒకసారికి ఒక్కటే మార్చాలి, మార్చిన ప్రతిసారీ ఏం తెలిసిందో చెప్పగలగాలి. పవర్ కేబుల్ తీసి, పాత స్టిక్ ఒక్కటే వేసి చూడాలి. తర్వాత కొత్తది ఒక్కటే, అదీ బోర్డు పుస్తకం చెప్పిన స్లాటులో. నాలుగు స్లాట్లున్న బోర్డుల్లో సాధారణంగా అది ప్రాసెసర్ వైపు నుంచి రెండోది. ఆ తర్వాతే రెండూ కలిపి. విడివిడిగా రెండూ నడిచి కలిపితే ఆగిపోతే పేచీ జోడీదే. ప్రొఫైల్ ఆపి వేగం తగ్గించి చూడాలి. ఏ స్టిక్ వేసినా ఒకే స్లాటులో మాత్రం ఆగిపోతుంటే అనుమానం స్లాటు మీదికీ, ప్రాసెసర్ సాకెట్‌లో వంగిన పిన్నుల మీదికీ వెళ్లాలి. కొత్త స్టిక్ ఏ స్లాటులోనూ నడవకపోతే, దానికి సరిపడుతుందని తెలిసిన మరో బోర్డులో వేసి చూసేదాకా తీర్పు చెప్పకూడదు. బోర్డు మీద డీర్యామ్ అని రాసి ఉన్న చిన్న లైటు వెలిగితే ఆగింది మెమరీ దగ్గరని తెలుస్తుంది, ఎందుకు ఆగిందో అది చెప్పదు. కాంటాక్టుల మీద పెన్సిల్ రబ్బరు రుద్దే చిట్కా మన సర్వీసు షాపుల్లో అందరికీ తెలిసిందే. మురికి పడితే అది పనిచేస్తుంది. అయితే రుద్దడానికి స్టిక్ తీసి మళ్లీ పెట్టాలి కదా, సరిగ్గా కూర్చోని స్టిక్ మళ్లీ పెట్టడంతోనే దారికొచ్చి ఉండొచ్చు. అందుకే ముందు ఊరికే తీసి పెట్టి చూడటం మేలు. డీడీఆర్5 అయితే ఓపిక కూడా పరీక్షలో భాగమే. కొత్త స్టిక్ వేశాక తొలిసారి సంకేతాల కొలతలు సరిచూసుకోవడానికి సిస్టమ్ నిమిషాలకు నిమిషాలు నల్ల తెరతోనే ఉండొచ్చు. పోయిందనుకుని మధ్యలో పవర్ తీస్తే ఆ పని మళ్లీ మొదటికొస్తుంది.

డిస్‌ప్లే రావడంతో పని అయిపోయిందనుకోవడం మరో పొరపాటు. అసలు లేవని సిస్టమ్ కంటే అరకొరగా కుదిరినది ఎక్కువ ప్రమాదం. కాపీ చేసిన జిప్ ఫైల్ తెరుచుకోదు, విండోస్ ఇన్‌స్టలేషన్ సగంలో ఆగుతుంది, బ్రౌజర్ ట్యాబులు వాటంతటవే మూసుకుపోతాయి. నింద వైరస్ మీదికో హార్డ్‌డిస్క్ మీదికో పోతుంది. మామూలు డెస్క్‌టాప్ ర్యామ్‌లో తప్పును పట్టి సరిదిద్దే ఈసీసీ ఏర్పాటు ఉండదు. డీడీఆర్5 చిప్ తన లోపలి తప్పులను కొన్నింటిని దిద్దుకుంటుంది కానీ, దారిలో జరిగేవాటికి పూచీ లేదు. అందుకే మెమ్‌టెస్ట్86 లాంటి పరీక్ష రాత్రంతా నడపాలి. అందులో పాస్ మార్కు సున్నా, ఒక్క తప్పు వచ్చినా నమ్మడానికి లేదు. తప్పు వచ్చినా అది స్టిక్ చెడిందనడానికి చాలదు. ప్రొఫైల్ ఆపి మళ్లీ నడిపితే తప్పులు మాయమైతే స్టిక్ మంచిదే, ఆ వేగం దగ్గర ఆ సిస్టమ్‌తో కుదరలేదు. ప్రొఫైల్ ఆపినా, ఒంటరిగా వేసినా, సిస్టమ్ మార్చినా తప్పులు వస్తూనే ఉంటే అప్పుడు నిస్సందేహంగా చెడిందనవచ్చు. కొన్ని గొడవలకైతే హార్డ్‌వేర్‌తో సంబంధమే లేదు. 8జీబీ వేసినా 32 బిట్ విండోస్ 4జీబీకి లోపలే వాడుకుంటుంది. విండోస్ 7 హోమ్ బేసిక్ 64 బిట్ అయినా 8జీబీ దాటదు. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని సిస్టమ్‌లో కొంత ర్యామ్‌ను తెర కోసం పక్కన పెట్టుకోవడం సహజం.

ఇదంతా తీరిక ఉన్నవాళ్ల మాట అనవచ్చు. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్లోనో మరో చోటో షాపు ముందు పదిమంది నిలబడి ఉంటే మెకానిక్ రాత్రంతా పరీక్ష నడుపుతాడా? స్టిక్ మార్చి చూస్తాడు, నడిస్తే పంపించేస్తాడు. ఆ తొందరను తప్పుపట్టలేం. మార్చి చూడటమూ పరీక్షే. అయితే దాని నుంచి తీసుకునే నిర్ధారణ దగ్గర జాగ్రత్త కావాలి. మార్చిన స్టిక్ నడిచిందంటే ఇది కుదిరిందని మాత్రమే తెలిసింది, అది చెడిందని తెలియలేదు. ఇంకొందరు ఈ గొడవంతా ఎందుకు, పాతది తీసేసి ఒకే డబ్బాలో వచ్చే జంట కిట్ కొంటే సరి అంటారు. మంచి సలహానే. రెండు స్టిక్కుల మధ్య పొత్తును కంపెనీ ముందే పరీక్షించి ఉంటుంది. కానీ ఆ జంట మీ బోర్డు క్యూవీఎల్‌లో లేకపోతే, దానికీ మీ బోర్డుకూ మధ్య పొత్తును ఎవరూ పరీక్షించి ఉండకపోవచ్చు. పైగా 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు మండిపోతున్నాయి. ఉన్న మంచి స్టిక్‌ను పారేసి కొత్త జంట కొనమని చెప్పడం అందరికీ చెల్లే మాట కాదు. సెకండ్ హ్యాండ్ స్టిక్కుల వైపు జనం మళ్లుతున్న ఈ రోజుల్లో కుదరని సందర్భాలు పెరుగుతాయే తప్ప తగ్గవు.

కనుక కొనే ముందే నాలుగు వివరాలు కాగితం మీద రాసుకోవడం మేలు: బోర్డు మోడల్, ప్రాసెసర్ పేరు, ఉన్న స్టిక్ మీది పార్ట్ నంబరు, విండోస్ ఎన్ని బిట్లది. తిప్పలు వస్తే ఏ స్లాటులో, ఏ వేగంతో, ఏ జోడీతో ఆగిందో రాసుకోవాలి. దీనికి డబ్బు విలువ కూడా ఉంది. కంపెనీలు జీవితకాలం అని ఇచ్చే వారంటీ తయారీ లోపానికే వర్తిస్తుంది. కుదరని స్టిక్‌ను చెడిందని పంపితే వాళ్లు తమ బోర్డులో పరీక్షించి బాగానే ఉందని వెనక్కి పంపుతారు, మధ్యలో వారాలు గడిచిపోతాయి. అదే స్టిక్‌ను తిరిగిచ్చే గడువు దాటకముందే షాపుకు తీసుకెళ్లి, ఇది బాగానే ఉంది, నా బోర్డుకు 16 చిప్పులది కావాలి అని అడిగితే ఎక్కువసార్లు అక్కడికక్కడే మార్చి ఇస్తారు. ఆ స్టిక్ వాళ్ల దగ్గర మళ్లీ అమ్ముడుపోయే సరుకే మరి.