ఐదో తీగ

మా నాన్న దేని ఖరీదైనా కొబ్బరికాయల్లోనే లెక్కేస్తారు. రాజోలు దగ్గర మాకు ఎకరంన్నర తోట. చెట్ల నుంచి ఒకసారి కాయలు దించితే అది ఒక దింపు. నా ఇంజినీరింగ్ ఫీజు ఏడాది దింపులన్నీ. నా మొదటి ల్యాప్‌టాప్ నాలుగు దింపులు. అందుకే పోయినేడాది నేను మాండలిన్ కొన్నానని తెలిసి ‘ఎంతైందిరా?’ అని ఫోన్‌లో అడిగితే, ‘ఎనిమిది వేలు’ అనేశా.

నిజానికి 38 వేలు.

ఎందుకంత పెట్టానంటే, మాండలిన్ శ్రీనివాస్ కోసం. మా ఊరి నుంచి చించినాడ వంతెన మీద గోదావరి దాటితే పాలకొల్లు. 1969లో ఆయన పుట్టింది అక్కడే. వాళ్ల నాన్నగారు క్లారినెట్ వాయించేవారు. ఇంట్లో ఉన్న మాండలిన్‌ని చిన్నప్పుడే చేతిలోకి తీసుకున్న ఆ పిల్లాడు, 1978లో గుడివాడలో త్యాగరాజ ఉత్సవాల్లో కచేరీ చేశాడు. పెద్దయ్యాక జాన్ మెక్‌లాఫ్లిన్, జాకీర్ హుస్సేన్‌లతో కలిసి ‘రిమెంబర్ శక్తి’ బృందంలో దేశదేశాలూ తిరిగారు. 1998లో పద్మశ్రీ వచ్చింది.

మామూలు మాండలిన్‌కి జంటలు జంటలుగా ఎనిమిది తీగలుంటాయి. మీటగానే టింగుమని మోగి ఆగిపోతుంది. మన సంగీతంలోనేమో స్వరాన్ని లాగాలి, ఊపాలి. జంట తీగలతో అది చాలా కష్టం. శ్రీనివాస్ ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టి, గమకాలన్నీ పలికించారు. మా ఆఫీసులో ఒకతని దగ్గర బారిటోన్ గిటార్ ఉంది. మామూలు గిటార్ కన్నా మెడ పొడుగు, తీగలు లావు, స్వరం బాగా కిందికి దిగుతుంది. ‘నీ ఐదో తీగా అంతే బ్రో, కింది స్వరాలకి చోటిస్తుంది’ అన్నాడు. ఆ రాత్రే ఆర్డర్ పెట్టేశా.

అసలు ఏడో తరగతిలోనే మాండలిన్ కొనమని అడిగా. ‘ముందు చదువు. ఉద్యోగమొచ్చాక నువ్వే కొనుక్కుందువుగానిలే’ అన్నారు నాన్న. 2014 సెప్టెంబరు 19న చెన్నైలో శ్రీనివాస్ చనిపోయారు. నలభై ఐదేళ్లే. నేనప్పుడు ఇంటర్ హాస్టల్లో ఉన్నా. దసరా సెలవులకి ఇంటికొస్తే, ‘మన మాండలిన్ శ్రీనివాస్ పోయాడ్రా’ అని చెప్పి, నాన్న పాత క్యాసెట్ పెట్టారు. ఇద్దరం ఏం మాట్లాడుకోలేదు.

సరే, మాండలిన్ వచ్చింది. వచ్చాక మూడు వారాలు యూట్యూబ్ చూసి టకటకలాడించా. తర్వాత ఒక రిలీజ్, ఆ తర్వాత ఇంకో రిలీజ్. డబ్బా బీరువా మీదికెక్కింది. ‘ఓసారి తీసుకురారా, చూద్దాం’ అని నాన్న అంటే సంక్రాంతికి ఇంటికి మోసుకెళ్లా.

డబ్బాలో బిల్లు ఉన్న సంగతి మర్చిపోయా.

నాన్న కళ్లజోడు పెట్టుకుని దాన్ని నింపాదిగా చదివారు. తెల్లదోమ పట్టి కాపు తగ్గిన సంవత్సరం అది. ‘మూడు దింపులు’ అన్నారు మెల్లగా. నాకు తల ఎత్తాలనిపించలేదు. ‘సర్లే, డబ్బు నీది. నాకు అబద్ధం చెప్పక్కర్లేదు. ఏదీ, వాయించు’ అన్నారు.

సరిగమలు కూడా తిన్నగా రాలేదు. ధర దాచినందుకు పడ్డ సిగ్గు కంటే ఇది ఎక్కువ గుచ్చుకుంది.

నాన్నకి ఏ వాయిద్యమూ రాదు. కానీ శనివారం శనివారం రామాలయంలో భజన పాడతారు. కాసేపాగి అరుగు మీద కూర్చుని ఒక కీర్తన ఎత్తుకున్నారు. ‘నేను పాడతా. అది ఎక్కడుందో నువ్వు వెతుక్కో’ అన్నారు. శ్రీనివాస్‌కి నేర్పిన సుబ్బరాజు గారికి కూడా మాండలిన్ వాయించడం రాదట. ఆయన పాడితే, విని ఈయన వాయించేవారట. ఆ సంగతి చెబితే నాన్న నవ్వి, ‘ఆయనతో నన్ను పోల్చకురా, కళ్లు పోతాయి’ అన్నారు.

ఇప్పుడు ప్రతి ఆదివారం ఉదయం మాకు వీడియో కాల్. ఆయనొక ముక్క పాడతారు, నేను వెతుక్కుంటా. హైదరాబాద్‌లో ఒక మాస్టారి దగ్గర పాఠాలు కూడా మొదలుపెట్టా.

నాన్నకి అరవై దాటాయి. గొంతు ఇదివరకటిలా పైకి వెళ్లట్లేదు. పోయిన నెల అదే కీర్తనని బాగా తగ్గించి ఎత్తుకున్నారు. ఒకచోట ఆయన గొంతు మరీ కిందికి దిగింది. నా నాలుగు తీగల్లో ఆ స్వరం లేదు. తడుముకుంటుంటే వేలు ఐదో తీగ మీద పడింది. దొరికింది! కొన్నాక ఆ తీగతో నాకు పనిపడింది అదే మొదటిసారి.

అవతల నాన్న పాట ఆపి, కాసేపు ఫోన్లోకి చూసి అన్నారు: ‘పర్లేదురా... ఓ పది కాయలు తీరాయి.’