కొండకంటే ముందే గేరు!

గేర్ల సైకిలు కొన్నంత మాత్రాన కొండ ఎక్కేయలేం. భాకరాపేట ఘాట్‌లో మోకాలు పగలగొట్టుకుని, హార్సిలీ హిల్స్‌ మీద గాలి పీల్చుకునేదాకా సాగిన ఓ పాఠం ఇది.

తిరుమల ఘాట్‌లో బస్సు డ్రైవరును ఎప్పుడైనా గమనించారా? మలుపు ఇంకా రాకముందే ఆయన చెయ్యి గేరు రాడ్డు మీదకు వెళ్తుంది. ఇంజను గొంతు మారుతుంది. ఒళ్లో నిద్రపోతున్న పాప కూడా కదలదు. అదే చెయ్యి తిరగని డ్రైవరైతే సరిగ్గా మలుపు మధ్యలో గేరు వెతుక్కుంటాడు. బస్సు ఒక్క కుదుపు కుదుపుతుంది. 'గోవిందా' అని బస్సంతా ఒకటే కేక!

1944లో మొదటి ఘాట్‌ రోడ్డు, 1974లో రెండోది వచ్చాయి. తిరుపతివాళ్లకు ఈ మలుపులు కొత్త కాదు. నేనూ లెక్కలేనన్నిసార్లు వెళ్లాను. అయినా డ్రైవరు చేతిలోని కిటుకు నాకు అర్థమైంది మాత్రం సైకిలు మీద నుంచి కిందపడ్డాకే.

కాళ్లు రెండే కదరా!

షుగరు గీత దాకా వచ్చిందని డాక్టరు చెప్పడంతో కొండలెక్కే రకం సైకిలు కొన్నాను. ముందు మూడు, వెనక ఏడు... మొత్తం ఇరవై ఒక్క గేర్లు. పీలేరులో ఉండే నాన్నకు ఫోన్‌ చేసి గొప్పగా చెప్పాను. "ఇరవై ఒకటా! కాళ్లు రెండే కదరా ఉండేది" అన్నాడాయన.

నాన్న బడిపంతులు. ముప్ఫై ఏళ్లు మామూలు సైకిలు మీదే బడికి వెళ్లాడు. మిట్ట వస్తే దిగి తోసుకుంటూ పోయేవాడు. దిగి నడవడం ఆయనకు నామోషీ కాదు. డబ్బు పెట్టి సులువును కొనుక్కోవడమే నామోషీ.

సరే, సైకిలు మీదే పీలేరు వెళ్లి ఆయన ముందు దిగుదామనుకున్నాను. తెల్లవారుజామునే బయల్దేరి, చంద్రగిరి కోట దాటి, ఎండ ముదరకముందే భాకరాపేట ఘాట్‌ చేరుకున్నాను. 2022 మార్చిలో నిశ్చితార్థానికి వెళ్తున్న బస్సు లోయలో పడి ప్రాణాలు పోయింది ఈ ఘాట్‌లోనే. ఆ సంగతి గుర్తొచ్చి ఒళ్లు దగ్గర పెట్టుకునే తొక్కుతున్నాను. ఎత్తు పెరిగింది. కాళ్లు మొరాయించాయి. పెడల్‌ మీద లేచి నిలబడి, బలమంతా పెట్టి, మీటను రెండుసార్లు గట్టిగా నొక్కాను. 'టకటక'మంటూ చైను ఊడిపోయింది. పెడల్‌ గిర్రున తిరిగింది. మోకాలు రోడ్డుకు కొట్టుకుంది. సైకిలు నడిరోడ్డు మీదకు జారింది. వెనకే వస్తున్న లారీ నాలుగడుగుల దూరంలో ఆగింది. డ్రైవరు తిట్టిన తిట్లు ఒక్కటీ వినిపించలేదు. నా గుండె చప్పుడే వినిపించింది.

సైకిలును గూడ్సు ఆటోలో వేసుకుని ఇంటికి చేరాను. గాయం కడుగుతూ నాన్న ఒక్కటే అన్నాడు: "తోసుకుంటా వచ్చుంటే సాయంత్రానికైనా వచ్చుందువు."

చైను మీద కూర్చుంటే ఎట్ల?

'అమ్మేయండి' అంది మా ఆవిడ. అమ్మేముందు బాగుచేయిద్దామని తిరుపతిలో సైకిళ్ల మెకానిక్‌ దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన వంగిన భాగాన్ని చూసి నవ్వాడు.

"బండిది తప్పుగాదు సామీ. నువ్వు దానిమీద బరువంతా ఏసి తొక్కతా ఉంటే చైను పక్కకు ఎట్ల పోతాది? ఎద్దులు మిట్ట ఎక్కతా ఉంటే నడిమధ్యలో కాడి మారస్తారా ఎవురైనా?"

వెనక చక్రాన్ని గాలిలోకి లేపి, చేత్తో పెడల్‌ తిప్పుతూ చూపించాడు. కుడిచేతి మీట వెనక పళ్లచక్రాలకు, ఎడమచేతిది ముందువాటికి. వెనక చక్రం ఎంత పెద్దదైతే తొక్కడం అంత తేలిక. ముందు మాత్రం చిన్నదైతే తేలిక. నా సైకిలుకు ముందు 24 పళ్లు, వెనక 28 పళ్లున్న చక్రాల మీద చైను ఉంటే, పెడల్‌ ఒక్క చుట్టుకు బండి కదిలేది దాదాపు మీటరుముప్పావు. ముందు 42, వెనక 14 అయితే ఆరు మీటర్ల పైమాటే! కొండ ఎత్తు తగ్గదు. ఒకేసారి కట్టలేని అప్పును వాయిదాల్లో కడతామన్నమాట.

ఇక అసలు కిటుకు. గేరు మారాలంటే పెడల్‌ తిరుగుతూ ఉండాలి, కానీ కాలి బరువు దాని మీద ఉండకూడదు. మీట నొక్కిన ఆ అరచుట్టు సేపు పాదాన్ని తేలిక చేయాలి. 'టిక్‌'మని చైను పక్క చక్రం ఎక్కాకే మళ్లీ బలం పెట్టాలి. ఒకసారికి ఒక్క మెట్టే. ముందూ వెనకా రెండూ పెద్ద చక్రాలు, లేదా రెండూ చిన్నవి కలిపితే చైను అడ్డంగా సాగి గరగరలాడుతుంది. ఆవు అడ్డొచ్చి ఆగాల్సొస్తే ఆగకముందే తేలిక గేరుకు రావాలి. అన్నిటికంటే ముఖ్యం, మిట్ట మొదలవకముందే మార్చాలి. కాళ్లలో శక్తి ఉన్నప్పుడే పాదాన్ని తేలిక చేయగలం. శక్తి అయిపోయాక బరువు తీస్తే బండి ఆగిపోతుంది!

ఈ 'టిక్‌' వెనకా పెద్ద కథే ఉంది. ఫ్రాన్సు చుట్టూ సాగే 'టూర్‌ ది ఫ్రాన్స్‌' పందేన్ని 1903లో మొదలుపెట్టిన ఆన్రీ దెగ్రాంజ్‌కు గేర్లంటే పడేది కాదు. అవి వయసు మళ్లినవాళ్లకేనని ఆయన నమ్మకం. అచ్చం మా నాన్నలాగే! ఆ పందెంలో చైను మారే గేర్లను అనుమతించింది 1937లోనే. 1970ల్లో అమెరికాలోని కాలిఫోర్నియా కుర్రాళ్లు పాత సైకిళ్లకు గేర్లు తగిలించి కొండబాటలు పట్టడంతో 'మౌంటెయిన్‌ బైక్‌' పుట్టింది. జపాన్‌ కంపెనీ షిమానో మెట్టుకో 'టిక్‌' చొప్పున కదిలే గేర్లను 1984లో తెచ్చింది. అంతకుముందు చాలావాటికి చెవితో విని సరిచేసుకోవాల్సిందే.

గాలిబండ మీద నాన్న

రెండు నెలలు రోజూ పొద్దున్నే కపిలతీర్థం నుంచి అలిపిరి దాకా సాధన చేశాను. తర్వాత ఓ ఆదివారం మదనపల్లె నుంచి హార్సిలీ హిల్స్‌కు బయల్దేరాను. 2022 దాకా చిత్తూరు జిల్లాలోనే ఉన్న ఈ కొండ స్థానికులకు ఏనుగుమల్లమ్మ కొండ. బ్రిటిష్‌వారి కాలంలో కడప కలెక్టరు హార్సిలీ ఇక్కడ విడిది కట్టుకోవడంతో ఈ పేరొచ్చింది. ఎత్తు సుమారు 1,265 మీటర్లు.

మలుపు కనబడగానే ఒక మెట్టు దిగడం... పాదం తేలిక... టిక్‌... మళ్లీ బలం. అంతే. నా పక్కనుంచి బస్సు వెళ్లింది. కిటికీలో నాన్న! చూడటానికి వస్తున్నానని ముందే చెప్పాడు. ఆయన్ను చూస్తూ ఓ మలుపు దగ్గర ఆలస్యం చేశాను. చైను గరగరమంది. ఈసారి మీట జోలికి పోలేదు. బుద్ధిగా దిగి, యాభై అడుగులు తోసుకుంటూ వెళ్లి, రోడ్డు కాస్త చదునైన చోట మళ్లీ ఎక్కాను. మెల్లగా నీలగిరి చెట్ల వాసన, చల్లగాలి ముఖానికి తగిలాయి.

గాలిబండ దగ్గర నాన్న టిఫిన్‌ డబ్బా పట్టుకుని నిలబడ్డాడు.

"తొక్కినావా, తోసినావా?"

"తొక్కినా నాయనా. ఒక్కచోట తోసినా."

ఆయన తలూపాడు. ఇద్దరం ఇడ్లీలు తిన్నాం. కాసేపటికి లేచి, సైకిలు చుట్టూ ఓసారి తిరిగి, హ్యాండిల్‌ మీద చెయ్యి వేశాడు.

"దీంట్లో అన్నిటికన్నా తేలికది యాదిరా?"

ఇలా వెళ్లాలి: తిరుపతి నుంచి పీలేరు, వాల్మీకిపురం మీదుగా మదనపల్లెకు బస్సులున్నాయి. అక్కడి నుంచి హార్సిలీ హిల్స్‌ సుమారు 29 కిలోమీటర్లు. కొండ మీద పర్యాటక శాఖ వసతి ఉంది. సైకిలు మీద వెళ్లేవారు హెల్మెట్‌ పెట్టుకోవాలి. దిగేటప్పుడు రెండు బ్రేకులూ కలిపి, మెల్లగా వాడాలి.